థ్యాంక్స్‌గివింగ్ విందులో మిగిలిపోయిన టర్కీని ఏం చేసుకోవాలి?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో, డల్లాస్‌కు దగ్గరలో ఉంటున్నాం. ఏటా నవంబరులో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ నాడు నాలుగు తెలుగు కుటుంబాల వాళ్లం ఒకరింట్లో కలుసుకుని భోజనాలు చేస్తాం. కిందటేడు మా వంతు వచ్చింది. పిల్లలు పట్టుబట్టడంతో 16 పౌన్ల టర్కీ కోడిని ఓవెన్‌లో కాల్చాం. గురువారం మాంసం తినమని కొందరు, కార్తీక మాసమని మరికొందరు ముట్టుకోలేదు. సగానికి పైగా మిగిలిపోయింది. మర్నాడు చికెన్ కూర వండినట్టే మసాలా వేసి కుక్కర్‌లో పెడితే ముక్కంతా పీచుపీచుగా అయిపోయింది. గుంటూరు నుంచి వచ్చి మాతో ఉన్న మా అత్తగారు ‘ఇది నిలవ వాసన కొడుతోంది, పిల్లలకు పెట్టొద్దు’ అన్నారు. చివరకు ఆదివారం నాడు ఎక్కువ భాగం పారేశాం. అంత ఆహారాన్ని చెత్తలో వేయడం మనసుకు కష్టంగా అనిపించింది. మిగిలిన టర్కీని ఎన్ని రోజులు తినవచ్చు? మన పద్ధతిలో రుచిగా ఎలా వండుకోవాలి?

సమాధానం: మీ ఉత్తరంలో మీరు అడిగిన ప్రశ్నలు రెండే అయినా, మీ అత్తగారి మాటలో మూడో ప్రశ్న కూడా ఉంది. ఎన్ని రోజులు తినవచ్చు, ముక్క ఎండిపోకుండా ఎలా వండాలి అన్న వాటితోపాటు, ఆ నిలవ వాసన ఎక్కడిది అన్నది కూడా తేల్చుకోవలసిన విషయమే. ఈ మూడింటికీ జవాబు చాలావరకు శుక్రవారం వంటలో కంటే గురువారం సాయంత్రం మీరు చేసే పనిలోనే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

టర్కీ ఓవెన్‌లోంచి బయటకు వచ్చిన రెండు గంటల్లోగా, మిగిలిన మాంసం ఫ్రిజ్‌లోకి చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మన విందుల్లో ఇది తరచూ జరగదు. మధ్యాహ్నం రెండింటికి టర్కీ బల్ల మీదికి వస్తుంది, ఫొటోలు అవుతాయి, భోజనాలు విడతలు విడతలుగా సాగుతాయి, తరువాత కబుర్లు, టీ, పేకాట. రాత్రి ఎనిమిదింటికి అందరూ వెళ్లాక గానీ బల్ల మీద మిగిలిన వాటి సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 140 డిగ్రీల మధ్య, అంటే సుమారు 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య, బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. పెద్ద పక్షి కాబట్టి టర్కీ లోపలి భాగం చాలా నెమ్మదిగా చల్లారుతుంది, అందువల్ల పైకి చల్లగా తగులుతున్నా ఎముక పక్కనున్న మాంసం గంటల తరబడి ఆ గోరువెచ్చని స్థితిలోనే ఉండిపోతుంది. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకు ఇంతకంటే అనుకూలమైన చోటు దొరకదు. దాని బీజాలు వంట వేడికి కూడా చావకుండా నిలిచి, మాంసం నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు మళ్లీ మొలకెత్తుతాయి. తిన్న 6 నుంచి 24 గంటల్లో కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు మొదలవుతాయి. దీనివల్ల గుంపులు గుంపులుగా జనం జబ్బుపడే సంఘటనలు నవంబరు, డిసెంబరు నెలల్లో ఎక్కువగా కనబడతాయని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. కారణం పండుగ విందులే.

మీ అత్తగారి తరం వారికి ఫ్రిజ్ లేని రోజుల్లో కూరను కాపాడుకునే పద్ధతి బాగా తెలుసు. చింతపండు పులుసు బాగా పట్టిన చేపల పులుసును పొద్దున, సాయంత్రం మరిగించి మర్నాడు మరింత రుచిగా తిన్న ఇళ్లు మనవి. ఆ అనుభవంతోనే ‘బాగా మరిగిస్తే చాలు కదా’ అని ఎవరికైనా అనిపించవచ్చు. అయితే స్టెఫైలోకాకస్ వంటి కొన్ని బ్యాక్టీరియాలు వదిలే విషం ఎంత మరిగించినా పోదు. అందువల్ల రాత్రంతా బయట ఉండిపోయిన టర్కీని మర్నాడు కుక్కర్‌లో ఎన్ని కూతలు రానిచ్చినా అది తినదగినది కాదు. అటువంటి దాన్ని పారేయడానికి బాధపడవద్దు. ఆ విషయంలో మీ అత్తగారి జాగ్రత్తే సరైనది.

కాబట్టి భోజనాలు ముగుస్తుండగానే ఇద్దరు పెద్దలు వంటింట్లోకి వెళ్లి అరగంట కేటాయించాలి. రొమ్ము భాగాన్ని ఎముక నుంచి పెద్ద పలకలుగా విడదీయండి. తొడలు, కాళ్ల మాంసాన్ని ఒలిచి వేరుగా పెట్టండి. లోపల స్టఫింగ్ (రొట్టె ముక్కల మిశ్రమం) కూరి ఉంటే దాన్ని మొత్తం బయటకు తీసి వేరే డబ్బాలో వేయండి. ఎముకల గూడును వేరుగా ఉంచండి. ఈ విడదీయడం ఆరోగ్యానికి ఎంత ముఖ్యమో రుచికీ అంతే ముఖ్యం, ఎందుకో ముందు ముందు చెబుతాను. మాంసాన్ని లోతు తక్కువగా ఉన్న వెడల్పు డబ్బాల్లో పలుచగా పరచండి. వేడి వస్తువును ఫ్రిజ్‌లో పెట్టకూడదని మన ఇళ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది. పెద్ద గిన్నెడు వేడి పప్పు విషయంలో అది కొంత నిజమే గానీ, ఇలా పలుచగా పరచిన మాంసాన్ని పూర్తిగా చల్లారే వరకు బయట ఉంచవలసిన అవసరం లేదు. ఇంటికి వెళ్లే స్నేహితులకు కట్టి ఇచ్చే డబ్బాలకూ ఆ రెండు గంటల లెక్కే వర్తిస్తుంది.

ఇక రోజుల సంగతి. ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకంటే చల్లగా ఉన్నప్పుడు, వండిన టర్కీ మూడు నుంచి నాలుగు రోజులు నిలుస్తుంది. గురువారం వండినది సోమవారం దాటకూడదన్నమాట. ఇక్కడే మన ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. అబ్రహాం లింకన్ 1863లో చేసిన ప్రకటన నాటి నుంచి చాలావరకు నవంబరు చివరి గురువారం నాడు జరుగుతూ వచ్చిన ఈ పండుగను, అమెరికా కాంగ్రెస్ 1941లో చేసిన చట్టంతో నవంబరు నాలుగో గురువారానికి స్థిరపరచింది. కనుక ఇది ఎప్పుడు వచ్చినా గురువారమే వస్తుంది, చాలా ఏళ్లు కార్తీక మాసంలోనే పడుతుంది. సాయిబాబా భక్తులు గురువారం, లక్ష్మీదేవి కోసం కొందరు శుక్రవారం, వేంకటేశ్వరస్వామి కోసం ఇంకా ఎక్కువమంది శనివారం, శివుడి కోసం మరికొందరు సోమవారం మాంసం మానేస్తారు. మీ ఇంట్లో ఈ వారాల్లో ఏవి పాటిస్తారో లెక్కవేసుకుంటే, ఆ నాలుగు రోజుల గడువులో మీకు నిజంగా మిగిలేది ఒక్క ఆదివారమే కావచ్చు. మీరు ఆదివారం నాడు పారేసిన మాంసంలో ఎక్కువ భాగం ఇలా ఎవరూ ముట్టని రోజుల్లో ఫ్రిజ్‌లో ఊరికే కూర్చున్నదేనని నా అనుమానం.

అందువల్ల మీవంటి కుటుంబాలకు నేను చెప్పేది, ఫ్రిజ్‌ను నమ్ముకోకుండా గురువారం రాత్రే నిర్ణయం తీసుకోమని. ఆదివారం ఒక పూటకు సరిపడా మాత్రమే ఫ్రిజ్‌లో ఉంచి, తక్కినదంతా ఆ రాత్రే ఫ్రీజర్‌లో పెట్టేయండి. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 18 డిగ్రీల సెల్సియస్, దగ్గర ఉన్న ఫ్రీజర్‌లో ఆహారం చెడిపోదు. రుచి మాత్రం రెండు నుంచి ఆరు నెలల లోపల వాడుకుంటే బాగుంటుంది. కార్తీకం ముగిశాక, డిసెంబరు సెలవుల్లో, అందరూ తినే రోజున తీరిగ్గా వండుకోవచ్చు. ఒక పూటకు సరిపడా ముక్కలను ఒక్కో సంచిలో వేసి, మీద కొంచెం టర్కీ గ్రేవీ గానీ నీళ్లలా పలుచగా ఉన్న ఎముకల రసం గానీ పోసి, గాలి లేకుండా మూసి, సంచి మీద తేదీ రాయండి. వాడుకునే ముందు రోజు రాత్రి దాన్ని ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చితే మెల్లగా కరుగుతుంది. వంటింటి గట్టు మీద పెట్టి కరిగించడం మంచిది కాదు.

మాంసం మీద ద్రవం పోయమనడానికి, మీ అత్తగారు పసిగట్టిన ఆ వాసనకూ సంబంధం ఉంది. మాంసాన్ని వేళకు ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే అది బహుశా కుళ్లిన వాసన కాదు. మాంసం ఒకసారి ఉడికినప్పుడు దానిలోని ఇనుము విడుదలై, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మాంసంలోని కొవ్వును మార్చేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ మార్పు ముక్కుకు తెలుస్తుంది, మళ్లీ వేడి చేసినప్పుడు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. టర్కీ కొవ్వు ఈ మార్పుకు త్వరగా లొంగే రకం. తాజాగా కోయించిన కోడిని ఆ పూటే వండుకుని తిన్న వారికి ఈ వాసన మరీ కొట్టొచ్చినట్టు కనిపించడంలో వింత లేదు. గాలి తగలకుండా గ్రేవీలో ముంచి ఉంచడం, త్వరగా ఫ్రీజర్‌లో పెట్టడం దీనికి మొదటి మందు. రెండో మందు మన పోపుల పెట్టెలోనే ఉంది. లవంగం, దాల్చినచెక్క, అల్లం వంటివి ఈ మార్పును అడ్డుకునే గుణం ఉన్న దినుసులు. పులుపు, మిరియాల ఘాటు ఆ వాసనను కప్పేస్తాయి. అమెరికన్ పద్ధతిలో రొట్టె ముక్కల మధ్య చల్లగా పెట్టుకుని తినే టర్కీ కంటే, మన మసాలాలో పడిన టర్కీ ఈ విషయంలో ఎంతో నయమని నేను గట్టిగా నమ్ముతాను.

మరి మసాలా వేసి వండినా మీ కూర ఎందుకు పాడైంది? పచ్చి కోడిని వండినట్టు వండడమే కారణం. పచ్చి మాంసం ఉడికే సమయంలోనే మసాలా ముక్కలోకి దిగి, ఉల్లిపాయ కరిగి, నూనె తేలుతుంది, ఆ మూడూ ఒకే వేళకు పూర్తవుతాయి. మీ టర్కీ అప్పటికే ఓవెన్‌లో గంటల తరబడి ఉడికింది. మాంసంలోని పీచు వేడికి ముడుచుకుపోయి తడిని బయటకు పిండేస్తుంది. కుక్కర్‌లో రెండోసారి ఉడకబెట్టినప్పుడు మిగిలిన ఆ కాస్త తడి కూడా పోయింది. కొవ్వు బాగా తక్కువగా ఉండే రొమ్ము భాగం దీన్ని అసలు తట్టుకోలేదు. అందుచేత మిగిలిన టర్కీతో ఏ కూర చేసినా మసాలాను ముందు పూర్తిగా వండేయాలి. ఉల్లిపాయ వేగి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయి, గ్రేవీ దగ్గరపడి నూనె తేలాక, ఇక అన్నంలో కలుపుకోవడమే తరువాయి అన్న దశలో ముక్కలు వేయాలి. ముక్కలు చిన్నవిగా ఉంటే, ఉడుకుతున్న గ్రేవీలో నాలుగైదు నిమిషాల్లో లోపలి దాకా వేడెక్కుతాయి. మిగిలిన వంటకం ఏదైనా 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 డిగ్రీల సెల్సియస్, వరకు వేడి కావాలి. టర్కీ ఉడికిందో లేదో చూడడానికి కొన్న థర్మామీటరే దీనికీ పనికొస్తుంది.

ఇందాక వేరు చేయమన్న మూడు భాగాలకు మూడు దారులు చెబుతాను.

తొడ, కాళ్ల మాంసం ముదురు రంగులో, కొవ్వూ జిగురూ కలిసి ఉంటుంది కాబట్టి రెండోసారి వేడిని బాగా తట్టుకుంటుంది. దీనికి గోంగూరను మించిన తోడు నాకు తెలియదు. గుంటూరు ఇంట్లో గోంగూర మాంసం గురించి చెప్పడం సాహసమే గానీ, ఇక్కడ వరుస మారుతుంది. కడిగిన గోంగూరను, ఇండియన్ దుకాణంలో దొరికే ఫ్రీజర్ గోంగూర అయినా సరే, కొద్ది నూనెలో నాలుగు పచ్చిమిరపకాయలతో కలిపి మగ్గించి మెత్తగా మెదిపి పక్కన పెట్టండి. వేరే మూకుడులో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క వేసి, ఎముకల రసం ఒక కప్పు పోసి, నూనె తేలేవరకు సన్నని మంట మీద ఉంచండి. అప్పుడు మాంసం వేసి ఐదారు నిమిషాలు మూత పెట్టి, చివరగా గోంగూర కలిపి దించండి. ఉప్పు మాత్రం గోంగూర కలిపాకే రుచి చూసి వేయండి. దుకాణాల్లో దొరికే టర్కీల్లో చాలావాటికి ముందే ఉప్పునీరు ఎక్కించి ఉంటారు. మీరు కూడా ఉప్పునీటిలో నానబెట్టి ఉంటే మాంసంలో, గ్రేవీలో, ఎముకల రసంలో ఇప్పటికే కావలసినంత ఉప్పు ఉంటుంది. మామూలు కొలతతో వేస్తే కూర నోట పెట్టలేరు.

రొమ్ము మాంసాన్ని ముందు పీచుకు అడ్డంగా సన్నగా కోయండి. పీచు పొడవు తగ్గితే నోటికి పొడిగా అనిపించడం సగం తగ్గుతుంది. దీనితో ఇగురు, వేపుడు జోలికి పోవద్దు. జీడిపప్పు, గసగసాలు, కొబ్బరి నూరి పోసిన చిక్కని కుర్మాలో చివర వేస్తే బాగుంటుంది. పులావ్ చేసేటట్టయితే బియ్యాన్ని మసాలా దినుసులతో, నీళ్లకు బదులు ఎముకల రసంతో విడిగా వండి, అన్నం ఇంకా పొగలు కక్కుతుండగా, రెండు చెంచాల నెయ్యిలో పుదీనా, పచ్చిమిర్చితో బాగా వేడి చేసిన ముక్కలను పొరలుగా కలిపి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. బిర్యానీలా మాంసాన్ని అడుగున పెట్టి దమ్ చేయవద్దు. ఈ పులావ్ కూడా మిగిలితే దానికీ ఫ్రిజ్ నియమమే వర్తిస్తుంది, ఎందుకంటే బయట వదిలేసిన అన్నంలో పెరిగే బ్యాక్టీరియా విషం కూడా వేడికి పోనిదే. పిల్లల డబ్బాకు పనికొచ్చేది మరొకటి ఉంది. రొమ్ము మాంసాన్ని చేత్తో సన్నగా చీల్చి, మిగిలిపోయిన మెదిపిన బంగాళాదుంపలో కలిపి, ఉల్లి, కొత్తిమీర, గరం మసాలా, రొట్టె పొడి చేర్చి కట్లెట్లుగా కాల్చండి. ఆ బంగాళాదుంపలో వెన్న, క్రీము ఉంటాయి కాబట్టి ముద్ద జారుగా ఉంటుంది. రొట్టె పొడి ధారాళంగా పట్టించి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి కాల్చితే విడిపోవు.

ఎముకల గూడును చాలామంది మొదటి రోజే పారేస్తారు. నా దృష్టిలో మొత్తం టర్కీలో మన వంటకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అదే. దాన్ని విరిచి పెద్ద గిన్నెలో వేసి, మునిగేవరకు నీళ్లు పోసి, ఒక ఉల్లిపాయ, అల్లం ముక్క, ఒక వెల్లుల్లి గడ్డ, చెంచాడు మిరియాలు, కొత్తిమీర కాడలు చేర్చి, తెర్లకుండా సన్నని సెగ మీద మూడు గంటలు ఉంచండి. ప్రెషర్ కుక్కర్‌లో అయితే ముప్పావు గంట చాలు. ఉప్పు వేయవద్దు. వడకట్టి, వెడల్పు గిన్నెల్లో త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి పైన కొవ్వు పేరుకుంటుంది. అది తీసేయవచ్చు, కొంచెం ఉంచుకుని ఉల్లిపాయలు వేయించుకోవచ్చు. ఈ రసంలో దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కొద్దిగా చింతపండు, టమాటా వేసి మరిగించి, నేతిలో ఎండుమిరపకాయ, కరివేపాకు తాలింపు పెడితే వచ్చే చారు, నవంబరు చలిలో జలుబుతో ఉన్నవారికి అన్నంలోకి గానీ గ్లాసులో పోసుకుని తాగడానికి గానీ ఎంతో హాయిగా ఉంటుంది. మీ అత్తగారికి టర్కీని మొదట పరిచయం చేయాలంటే ముక్క రూపంలో కాకుండా ఈ చారు రూపంలో చేయండి. ఆమెకు తెలిసిన ఎముకల చారుకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది.

మిగతా వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. గ్రేవీని మళ్లీ వాడేటప్పుడు తెర్లేవరకు మరిగించాలి. స్టఫింగ్‌ను విడిగా ఓవెన్‌లో మూత పెట్టి వేడి చేసుకోవాలి, కూరలో కలిపితే బాగుండదు. క్రాన్‌బెర్రీ అనే పుల్లని ఎర్ర పండ్లతో చేసే తియ్యని సాస్‌కు కారం, ఉప్పు, మెంతిపొడి చేర్చి ఆవాలు, ఇంగువతో పోపు పెడితే దోసెల్లోకి పచ్చడిలా పనికొస్తుంది. సాస్ చేయగా మిగిలిన పచ్చి క్రాన్‌బెర్రీలతో పప్పు, పులిహోర చేయడం అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో ఇప్పటికే అలవాటైన పని. పైగా అవి కార్తీక మాసం పాటించేవారు కూడా తినగలిగినవి.

మాంసం ఎక్కువగా ఉందని ఆకలిగొన్న వారికి పంచే సంస్థకు ఇవ్వాలని మీకు అనిపించవచ్చు. ఇంట్లో వండిన ఆహారాన్ని చాలా ఫుడ్ బ్యాంకులు తీసుకోవు కనుక ఆ పని పండుగకు ముందే, కొన్న పెట్టెలు తెరవకముందే చేయాలి.

ఈ ఏడు కొనేటప్పుడు ఇంకొక లెక్క చూసుకోండి. ఎముకతో సహా మనిషికి ఒక పౌను చొప్పున టర్కీ తీసుకోవడం ఇక్కడి వాడుక. మీరు పిలిచే వారందరినీ కాకుండా, ఆ గురువారం మాంసం తినేవారిని మాత్రమే లెక్కించండి. ఫోన్‌లో ముందే అడిగితే ఎవరూ నొచ్చుకోరు. తినేవారు ఆరేడుగురే అయితే 16 పౌన్ల పక్షి అవసరమే లేదు. ఎముకతో ఉన్న రొమ్ము భాగం ఒకటి, విడిగా అమ్మే తొడలు నాలుగు తెచ్చుకుంటే, రొమ్ము ఉడికేసరికి దాన్ని తీసేసి తొడలను ఇంకాసేపు ఓవెన్‌లో ఉంచే వీలుంటుంది. అప్పుడు మొదటి రోజు కూడా ముక్క ఎండిపోదు. నిండు పక్షిని బల్ల మీద చూడాలన్నదే పిల్లల సరదా అయితే పది పన్నెండు పౌన్లది చూసి తీసుకోండి, మాంసం సర్దుకునే డబ్బాలు, సంచులు కూడా ఆ రోజే కొనిపెట్టుకోండి.